తూము ఎత్తింది నేనే

మా రొయ్యల చెరువు ఎకరన్నర ఉంటుంది. ఒకప్పుడు అది మా నాన్న వరి పండించిన చేను. దాని పక్కనే మురుగు కాలువ. పేరుకే మురుగు. పొలాల్లో మిగిలిన నీళ్ళన్నీ దాంట్లోంచే సముద్రం వైపు పోతాయి. జెల్లలు, మట్టగిడసలు, కొరమేనులు లాంటి చేపలు దాంట్లోనే పెరుగుతాయి. నేను ఊళ్ళో హైస్కూల్లో సైన్సు చెబుతాను. చెరువు పని మావారూ నేనూ కలిసి చూసుకుంటాం.

రెండేళ్ళ కిందట, పంట సగంలో ఉండగా చెరువుకు తెల్లమచ్చ తెగులు తగిలింది. రొయ్యలు గట్టు వెంబడి తేలడం చూసి, దొరికినంత పట్టించి అమ్మేశాం. ఇక మిగిలిన నీళ్ళలో బ్లీచింగు చల్లి, దాని ఘాటు పూర్తిగా పోయేదాకా నిలబెట్టి, ఆ తర్వాతే బయటికి వదలాలి. ఆ సంగతి నాకు తెలియక కాదు. తొందరగా చెరువు ఆరబెట్టి మళ్ళీ రొయ్యపిల్ల వెయ్యాలన్న ఆత్రం. బ్లీచింగు చల్లాం. మర్నాడే మావారు పనిమీద రాజమండ్రి వెళ్ళారు. నేను స్కూలు నుంచి వచ్చి, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, తూము పలకలు ఒక్కొక్కటీ పైకి లాగాను. నీళ్ళు కాలువలోకి దూకాయి. చుట్టుపక్కల చెరువులవాళ్ళూ అంతే చేసేవారు కాబట్టి నాకు మనసులో ఏమీ అనిపించలేదు.

తెల్లారి గట్టు మీదికి వెళ్తే, కాలువలో మా పిన్ని నడుంలోతు నీళ్ళలో నిలబడి ఉంది. సొంత పిన్ని కాదు, వరసకు పిన్ని. కూలి పని లేని రోజుల్లో చేపలు పట్టుకుని కూర వండుకుంటుంది, మిగిలితే నాలుగిళ్ళకూ అమ్ముతుంది. ఆమె చుట్టూ చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. చేతివేలంత జెల్లలు, గోరంత పరిగెలు, ఎవరూ తినని చిన్న చిన్న పురుగులు కూడా.

"చూడమ్మా, ఒక్కటీ కదలట్లేదు. ఏంటిది?" అంది.

స్కూలుకు టైమవుతోందని చెప్పి వచ్చేశాను. ఆ రోజు ఎనిమిదో తరగతికి పాఠం చెబుతుంటే నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది.

ఆ వచ్చే ఆదివారమే మా చర్చిలో కోత పండుగ. అందరూ తమ కష్టంలో మొదటి భాగం తెచ్చి బల్ల ముందు పెడతారు. ధాన్యం, అరటి గెలలు, గుమ్మడికాయలు, కోళ్ళు. పిన్ని ఏటా బకెట్టులో బతికున్న కొరమేనులు తెచ్చేది. ఆ ఏడు ఒట్టి చేతులతో వచ్చి వెనక వరసలో కూర్చుంది.

"ఏమ్మా, ఈసారి చేపలు తేలేదా?" అని పాస్టరుగారు నవ్వుతూ అడిగారు.

"కాలవలో ఏం లేవండి అయ్యగారూ," అంది పిన్ని. అంతకుమించి ఒక్క మాట అనలేదు. నావైపు చూడనూ లేదు.

నేను లేచి నిలబడ్డాను. "మా చెరువు తూము ఎత్తింది నేనేనండి. మందు నీళ్ళు వదిలాను. ఆ చేపలు నావల్లే చచ్చిపోయాయి," అన్నాను.

ప్రార్థన అయ్యాక, మా పక్క చెరువు ఆయన మెట్ల దగ్గర నన్ను ఆపారు. "అందరం వదిలేదే కదండీ. మీరొక్కరే ఏదో నేరం చేసినట్టు చెప్తారేంటండి?"

"అందరం వదులుతున్నాం కాబట్టే చెప్పానండి," అన్నాను.

సాయంత్రం పిన్ని ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. "నేనని నీకు ముందే తెలుసా?" అని అడిగాను.

"మీ తూము కాడ గట్టంతా బ్లీచింగుతో తెల్లగా ఉంది కదే. నువ్వే చెప్తావని ఊరుకున్నాను."

కాలువ మళ్ళీ కోలుకునేదాకా కూరకి చేపలు నేను తెచ్చిస్తానన్నాను. పిన్ని చేట పక్కన పెట్టింది. "నాకిస్తావు, బానే ఉంది. కాలవకేం ఇస్తావు?"

ఇంటికి వచ్చేదాకా ఆ మాటే మెదిలింది. దోమల పిల్లల్ని తింటాయి కాబట్టి చేపలు కావాలి, పురుగును తింటాయి కాబట్టి కప్పలు కావాలి అని ఇన్నేళ్ళూ పిల్లలకు చెప్పాను. ఏ ప్రాణి అయినా మనకేం పనికొస్తుందన్నదే లెక్క. ఆ పొద్దున చచ్చిన పరిగెలు నాకూ పిన్నికీ దేనికీ పనికిరావు. అయినా ఆ నీళ్ళు వాటివి. వాటి ఇంట్లో విషం పోసే హక్కు నాకెవరిచ్చారు?

మావారితో చెప్పాను. చెరువులో మూడో వంతు విడగొట్టి గట్టు వేద్దాం, వాడిన నీళ్ళు అందులో నిలబెట్టి, తేరుకున్నాకే వదులుదాం అని.

"చెరువు చిన్నదైపోద్ది," అన్నారాయన.

"అవనివ్వండి."

ఆయన కాగితం మీద ఏవో లెక్కలు వేసుకున్నారు. చివరికి, "పొక్లెయిన్ వాడికి ఫోన్ చేస్తాను," అన్నారు.

నీళ్ళు నిలిపే మడుగు తవ్వించాం. అందులో నీళ్ళలోని మలినాన్ని పీల్చే తూటికాడ మొక్కలు వేశాం. నీళ్ళు వదిలే ముందు ఒక గిన్నెలో పట్టి, రెండు చేపపిల్లల్ని వేసి ఒక పూట చూస్తాను. అవి హాయిగా తిరిగితేనే పలకలు లేస్తాయి. పంట తగ్గింది, నిజమే. దానికి నేనేమీ బాధపడలేదు. తర్వాతి వానలకు పైనుంచి కొత్త నీరు వచ్చింది, దాంతోపాటే చేపలూ వచ్చాయి. మొదట జెల్లలు కనిపించాయి. కొరమేనులకు ఇంకో ఏడు పట్టింది.

మమ్మల్ని చూసి ఇంకో రెండు చెరువులవాళ్ళు మడుగులు తవ్వించారు. ఒకరు నా పాత విద్యార్థిని తండ్రి. పక్క చెరువు ఆయన మాత్రం ఇంకా స్థలం పోతుందంటున్నారు. ఆదివారం చర్చి అయ్యాక ఆయన దగ్గరికి వెళ్ళి, మడుగు తవ్వించమని అడుగుతూనే ఉన్నాను. పోయిన వారం మొదటిసారి ఆయనే, మీ మడుగు ఎంత లోతు తవ్వించారని అడిగారు.