టీచరమ్మగారి మొదటి శనివారాలు

మాచర్లలో పెద్దమ్మాయికి కాన్పు సుఖంగా అయిందా? గురజాల దానికి దగ్గు తగ్గిందా? ఈపూరులో చిన్నదాని బిడ్డ పాలు తాగుతోందా? మీకు వండిపెట్టిన అవ్వను, మీ అందరికీ దిగులుతోనే రాస్తున్నాను. మనల్ని సాకిన టీచరమ్మగారు మంగళవారం పొద్దున కన్నుమూశారు. సున్నపు బట్టీ యజమాని ఒకడు పెద్ద పూలదండ పంపాడు. నేను దాన్ని గడప దాటనివ్వలేదు.

బట్టీల నుంచి, పాచిపనుల నుంచి తప్పించి తెచ్చిన మిమ్మల్ని నరసరావుపేట ఇంట్లో ఆవిడ ఎలా చూశారో మీకు తెలుసు. కాలిన చేతుల మీద నేను నీళ్లు పోయబోతే కసిరేవారు. ముందు పొడిగుడ్డతో సున్నం దులపాలి. ఏం జరిగిందని మాత్రం ఏ పిల్లనూ అడిగేవారు కాదు. "అడగమాకే. మారు అన్నం అడిగిన రోజున అదే చెప్పిద్ది" అనేవారు.

చిట్టి సంగతి మీలో కొందరికి తెలియదు. తొమ్మిదేళ్ల పిల్ల. పిడుగురాళ్ల బట్టీ నుంచి వచ్చి నెల దాటినా నోరు విప్పలేదు. ఒక మధ్యాహ్నం, టీచరమ్మగారు కోర్టుకు వెళ్లినప్పుడు, పళ్లెం ముందుకు జరిపి "అవ్వా, ఇంకొంచెం" అంది. నా ప్రాణం లేచొచ్చింది. వడ్డిస్తుండగానే ఎవరో తలుపు కొట్టారు.

"అక్కా, నేను దీని మేనమామను. నాకు గాక ఎవురికుందక్కా హక్కు?" అన్నాడు. చేతిలో కొత్త పరికిణీ, గాజులు. మేనమామకు పిల్లనివ్వను అనడానికి నేనెవరిని అనుకున్నాను. మజ్జిగ ఇచ్చాను. నా చేతులతోనే చిట్టికి జడ వేశాను. అది ఏడవలేదు, నా మొహంకేసే చూసింది. వడ్డించిన అన్నం పళ్లెంలోనే ఉండిపోయింది.

మర్నాడు టీచరమ్మగారు బట్టీకి పరిగెత్తారు. "వాడే గదమ్మా మొదట్లో తెచ్చి దించింది. ఇప్పుడు ఏడకి తోలకపోయాడో" అని మేస్త్రి నవ్వాడంట.

ఆ తర్వాత మన తలుపు చప్పుడైతే చాలు, "పిల్ల మొహం చూసి తియ్యవే" అనేవారు నాతో. ఎనిమిదేళ్లు అదే మాట. ఎన్నోసార్లు లోలోపల తిట్టుకున్నాను. ఆవిడేమో నెలనెలా మొదటి శనివారం కాలిన చేతులకు రాసే నూనె సీసా, పొడిగుడ్డ సంచిలో వేసుకుని బట్టీ బట్టీ తిరిగి, చీర కుచ్చెళ్లకు తెల్లటి దుమ్ముతో వచ్చేవారు. చిట్టి దొరకలేదు. ఆ తిరుగుళ్లలోనే మీలో ముగ్గురు దొరికారు.

ఇప్పుడు ఆ సంచి నా దగ్గరుంది. బస్సెక్కితే నాకు కళ్లు తిరుగుతాయి, దారి తెలియదు, ఎవరేమంటారోనని భయం. చిట్టికి పదిహేడేళ్లు వచ్చి ఉంటాయి, గుర్తుపడతానో లేదో. దాని సత్తు పళ్లెం కూడా సంచిలో పెట్టాను. రాగలిగినవాళ్లు బస్టాండుకు రండి. రాకపోయినా నేను పిడుగురాళ్ల వెళ్తాను. వచ్చే నెల మొదటి శనివారం, పొద్దున మొదటి బస్సుకు.