అధ్యక్షురాలి ఆదేశం మేరకు

ఆరేళ్ల కిందట మా జిల్లా మహిళల కబడ్డీ సంఘం నివేదికలో ఒక అబద్ధం రాశాను. దానివల్ల ఒక మనిషి పదవి పోయింది, పేరు పోయింది. నేను మాత్రం కార్యదర్శిగా ఉండిపోయాను. సికింద్రాబాద్ మైదానాల్లో ఇప్పటికీ ఆ సంగతి తప్పుగానే చెప్పుకుంటున్నారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆ మనిషి మోండా మార్కెట్‌లో ఉల్లిగడ్డల హోల్‌సేల్ వ్యాపారి. చిన్నప్పుడు అదే మార్కెట్‌లో గోనెసంచులు కుట్టింది. నలభై దాటేసరికి సొంత దుకాణం, పన్నెండు మంది హమాలీలు, వర్తకుల కమిటీలో కుర్చీ. ఆ కమిటీలో కూర్చున్న మొదటి ఆడమనిషి ఆమే. హమాలీల కూతుళ్లు కొందరు మా దగ్గర ఆడేవాళ్లు. వాళ్లకు జెర్సీలు ఇప్పించమని అడగడానికి వెళ్తే, ముందు గ్రౌండ్ చూస్తానంది. మౌలాలి వైపు ఉండేది మా గ్రౌండ్. సగం మట్టి, సగం గులకరాళ్లు.

ఆమె చుట్టూ చూసి, "ఆడపిల్లలు బట్టలు యాడ మార్చుకుంటరు సార్?" అని అడిగింది.

"అడ్జస్ట్ అవుతారు మేడమ్."

"మీరైతే అయితరా?"

వారం తిరక్కుండా రెండు లారీల ఎర్రమట్టి వచ్చింది. గోడ పక్కన లోపలి గడియతో ఒక చిన్న గది లేచింది. జెర్సీలు ఆ తర్వాతే వచ్చాయి.

సంఘం పెద్దలు ఆమెను అధ్యక్షురాలిని చేశారు. "ఉల్లిగడ్డల మేడమ్‌కు ఓ దండ ఏసి కూసోబెడదాం, ఖుష్ అయితది" అని నవ్వుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆమె దండ వేయించుకుంది గానీ ఊరికే కూర్చోలేదు. నిబంధనల పుస్తకం చదివి, ప్రశ్నలు రాసుకుని వచ్చింది. పదిహేనేళ్లుగా సెలక్షన్ జాబితా నా చొక్కా జేబులో ఉండేది. స్కూల్లో పీఈటీని, సంఘానికి కార్యదర్శిని. తల్లిదండ్రులు మా ఇంటి ముందు నిలబడేవాళ్లు. ఆమె వచ్చాక జాబితా గోడకెక్కింది. ప్రతి పేరు పక్కన ఎందుకు తీసుకున్నామో, ఎందుకు తీసుకోలేదో రాయాలి. ఆ రోజు నుంచీ మా ఇంటి ముందు ఎవరూ నిలబడలేదు. అది ఆమె నాకు చేసిన అవమానమని అనుకున్నాను.

జూనియర్ ఆటలో బరువుకు హద్దుంటుంది. పోటీకి ముందు తూకం వేస్తారు. హద్దు దాటితే ఆట లేదు. దాటిన పిల్లల్ని మేం "ఎండబెట్టేవాళ్లం". రెండు రోజులు తిండి, నీళ్లు బంద్. ఎండలో రెయిన్‌కోటు తొడిగి పరుగెత్తించడం. నిమ్మచెక్క చప్పరించి ఉమ్మివేయించడం. నన్ను నా కోచ్ అలాగే ఎండబెట్టాడు. నేను నా పిల్లల్ని ఎండబెట్టాను. దానికి క్రమశిక్షణ అని పేరు పెట్టుకున్నాను.

ఒకరోజు అది మేడమ్ కళ్లబడింది. రెయిన్‌కోట్లో ఉన్న పిల్లను ఆపి, తన చేత్తో జిప్పు తీసింది.

"సరుకు ఎండితే తూకం తగ్గుతది సార్. మనిషి ఎండితే పానం పోతది. ఇగ గిది బంద్."

"మేడమ్, ఇది ఆటలో మామూలే."

"మా మార్కెట్ల సుత మామూల్లు మస్తుంటయి. మానిపిస్తేనే మానుతరు."

మర్నాడు ఆ మాట ఆమె సంతకంతో గోడకెక్కింది. హద్దు దాటిన పిల్ల పై విభాగంలో ఆడాలి, లేదా ఆగాలి.

ఆ ఏడాది రాష్ట్ర పోటీలకు మూడు రోజుల ముందు మా కెప్టెన్ కిలోన్నర ఎక్కువ తూగింది. జట్టులో కూతకు వెళ్లి పాయింటు తేగలిగింది ఆ పిల్లే. ఆ పిల్ల లేకపోతే మొదటి రౌండ్‌లోనే ఇంటికి. గ్రౌండ్ వెనక్కి పిలిచి రెయిన్‌కోటు ఇచ్చాను.

"మేడమ్ వద్దన్నది గద సార్," అంది పిల్ల.

"ఆడేది మేడమా, నువ్వా? ఎవరికీ చెప్పకు."

పిల్ల చెప్పలేదు. తూకంలో నెగ్గింది. రెండో మ్యాచ్ రెండో సగంలో కూతకు వెళ్లింది. గీత దాటాక గొంతు తడబడింది. అవతలివాళ్లు ఎవరూ ముట్టుకోలేదు. కూత ఆగింది, మోకాళ్లు మడిచి కూలిపోయింది. వొళ్లు కాలుతోంది, చెమట మాత్రం లేదు. పిల్లను ఎత్తుకుని బయటికి పరుగెత్తింది మేడమే. నేను స్కోరుబల్ల దగ్గర నిలబడే ఉన్నాను.

ఒంట్లో నీళ్లు లేక మూత్రపిండాలు దెబ్బతిన్నాయని డాక్టర్లు చెప్పారు. పిల్ల బతికింది. మళ్లీ కూతకు వెళ్లలేదు.

మేడమ్ ఆసుపత్రిలో పిల్లకు తోడుగా ఉన్న నాలుగు రోజుల్లోనే సంఘం విచారణ పెట్టింది. నివేదిక రాయాల్సింది కార్యదర్శి. "అధ్యక్షురాలి ఆదేశం మేరకు క్రీడాకారిణి బరువు తగ్గించడం జరిగింది" అని రాశాను. గోడ మీది కాగితం అంతకుముందే చింపేశాను. మేడమ్ పక్కన లేని సమయం చూసి, ఆసుపత్రి మంచం మీద ఉన్న పిల్ల చేత కింద సంతకం పెట్టించాను. కాలేజీ సీటుకు స్పోర్ట్స్ సర్టిఫికెట్ కావాలి కదా, దాని మీద సంతకం నాదే కదా అని గుర్తు చేశాను. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పని మాట ఇది.

విచారణ కమిటీ వెంటనే నమ్మింది. "యాపారం చేసేటామెకు కప్పు కావాలె, ఇంకేం గావాలె" అన్నాడొక పెద్దాయన. ఆమె నన్ను ఒక్కటే అడిగింది.

"గిది మీరే రాసిండ్రా సార్?"

నేను కిటికీ వైపు చూశాను. ఆమె రాజీనామా కాగితం బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆమె సొంతంగా క్లబ్బు పెట్టింది. ఆ పిల్లనే చదివించి అక్కడ కోచ్‌ని చేసింది. ఈ ఏడాది క్లబ్బులన్నీ కలిసి రాష్ట్ర సంఘం అధ్యక్ష పదవికి ఆమె చేత నామినేషన్ వేయించాయి. అవతలి వర్గం నా నివేదిక బయటికి తీసి అభ్యంతరం పెట్టింది. ఆ వర్గం నాయకుడు నాకు ఫోన్ చేశాడు.

"అన్నా, నువ్వేం మాట్లాడకు. సంతకం నాదే అని చెప్పు, చాలు. మిగతాది మేం చూసుకుంటం."

బేగంపేటలో ఒక హోటల్ హాల్లో నామినేషన్ల పరిశీలన. వరండాలో ఎదురు బెంచీ మీద మేడమ్, పక్కన ఆ పిల్ల. పిల్ల లేచి నా దగ్గరికి వచ్చింది.

"లోపట నిజం నేనే చెప్తనన్న సార్. మేడమే వద్దంటున్నది. అప్పుడు సంతకం పెట్టినవు, ఇప్పుడు కాదంటే నీ సర్టిఫికెట్‌కే తక్లీఫ్ అయితదని."

నేను బెంచీ మీద పక్కకు జరిగాను. పిల్ల కూర్చోలేదు.

"మా అమ్మకు సుత ఎన్నోసార్లు చెప్పిన. నమ్మదు. సార్ రాసిండు గద, సార్లు అబద్ధం రాస్తరా అంటది. మేడమ్ దుకాణం ముందటికెళ్లి నడ్వనే నడ్వదు."

లోపలికి పిలిచారు. ఎన్నికల అధికారిగా కూర్చున్న రిటైర్డ్ ఉద్యోగి నివేదికను నా ముందుకు తోశాడు.

"ఈ సంతకం మీదేనా?"

"నాదే."

అవతలి నాయకుడు కుర్చీలో వెనక్కి వాలాడు. అధికారి కలం అందుకున్నాడు. ఇంకో క్షణం ఊరుకుంటే అయిపోయేది.

"సంతకం నాది. రాసింది అబద్ధం. ఆదేశం ఇచ్చింది నేను. ఆమె వద్దని రాసిపెట్టిన కాగితం చింపింది కూడా నేనే. పిల్లను బెదిరించి సంతకం పెట్టించాను."

"అన్నా, పాగలైనవా?" అన్నాడు నాయకుడు.

అధికారి నన్ను రాసి ఇమ్మన్నాడు. మొదటి కాగితం కొట్టివేతలతో పాడైంది, రెండోది తీసుకున్నాను. అభ్యంతరం కొట్టేశారు.

బయట మేడమ్ నా దగ్గర ఆగింది.

"ఆరేండ్లు వట్టింది సార్."

"క్షమించండి మేడమ్."

"నాకెందుకు? ఓట్లు నేను తెచ్చుకుంట. ఆ పిల్ల తల్లికి చెప్పుండ్రి."

మర్నాడు పొద్దున్నే మోండా మార్కెట్‌కు వెళ్లాను. ఆ పిల్ల తల్లి ఆకుకూరలు అమ్ముతుంది. నన్ను చూసి, "రాండ్రి సారూ, మంచిగున్నరా? పాలకూర ఇయ్యన్నా?" అంటూ కొంగుతో చేతులు తుడుచుకుంది. నేను వంగి కూర్చుని మొత్తం చెప్పాను. సర్టిఫికెట్ సంగతి కూడా. ఆమె కొత్తిమీర కట్టలు కడుతూనే విన్నది. మధ్యలో చేతులు ఆగాయి.

"నా బిడ్డ చెప్తుంటే నేను నోరు ముయ్యమన్న సారూ. మీ మీద నమ్మకంతోని నా బిడ్డను అబద్ధాలకోరన్న."

తిట్టినా బాగుండేది. చేతిలోని కట్టను గంపలో పడేసి, చెప్పులు కూడా వేసుకోకుండా ఉల్లిగడ్డల దుకాణాల వరుసలోకి నడిచింది. సంచుల మధ్య ఆమె వీపు కనబడినంత దూరం చూశాను.

ఎవరో సంచి పట్టుకుని వచ్చి నా ముందు ఆగారు.

"కొత్తిమీర ఎట్లిచ్చినవు?"

"నాకు తెలియదండీ. ఆమె వచ్చేదాకా ఆగండి," అన్నాను.