నడిమింట్ల ముసలి సాలెపురుగు

నా కండ్లతోని చూసిందే చెప్తున్న. చూడంది ఒక్క ముక్క గూడ కలపను. కలిపితే గీ కండ్లే పోవాలె. గని చూసింది ఏందో మాత్రం నన్నడగకున్రి... అది నాకు గూడ ఎరుకలేదు.

అప్పుడు నాకు ఇరవై ఆరేండ్లు. ఆంధ్ర, తెలంగాణ కలిసి ఐదారేండ్లు అయి ఉంటది. మాది రామన్నపేట దిక్కు. అచ్చంపేట బడిల పంతులు నౌకరి వస్తే ఒక ట్రంకు పెట్టె, ఒక బొంత పట్టుకొని పోయిన. ఎల్లవ్వ అనే ముసలామె ఇంట్ల ముందటి అర్ర కిరాయికి దొరికింది. కరెంటు లేదు. వెనుక అర్రల ఆమె, ముందటి అర్రల నేను. నడుమ కిటికీ లేని నడిమిల్లు. ఆ నడిమింట్ల ఒక చెక్క పెట్టె. అడుగున ఇసుక, మీద అద్దం మూత.

దాంట్ల సాలెపురుగు ఉండె.

గోడల మీద గూడు కట్టేది అనుకునేరు. అది కాదు. నా అరచెయ్యంత ఉంటది. బూడిద రంగు. కాళ్ల మీద పసుపు పట్టీలు. ఎల్లవ్వ పెనిమిటి బాలయ్య అడవిల గార్డు పని చేసేటోడట. నల్లమలల ఒక చెట్టు కూలితే, దాని తొర్రల దొరికిందట. బొటనవేలి గోరంత పిల్ల. తెచ్చి పెంచిండు. బాలయ్య పోయి నాలుగేండ్లు. ఇది ఉండనే ఉంది. పన్నెండేండ్ల ముసల్ది.

నేను పోయేటాలకే దానికి శాతనైతలేదు. వీపు మీద నూగంత రాలి బోడిగైంది. పోయిన ఎండకాలం ఒక కాలు ఊడిపోయింది. ఇలకోడి పురుగును ముందట ఏసినా పట్టుకోదు. ఎల్లవ్వనే ఇలకోడిని నలిపి, పుల్లతోని దాని నోటి కాడ పెట్టేది. దూది తడిపి చుక్క చుక్క పిండేది. నీళ్లు తాకితే ముడుచుకున్న కాళ్లు మెల్లగ చాపేది అది. అట్ల చాపినప్పుడు ఎల్లవ్వ మొకం చూడాలె... సొంత బిడ్డ లేచి కూసున్నట్టే.

నేనైతే మొదట్ల ఆ పెట్టె దిక్కు చూసేటోన్ని కాదు. తర్వాత అలవాటైంది. అలవాటైందనే అనుకున్న.

గా ఇంట్ల నాకు నచ్చని సంగతి ఇంకొకటి ఉండె. రాములు. బాలయ్య తమ్ముడు, పక్క సందుల ఉంటడు. వదినెతోని నాలుగేండ్ల సంది మాటల్లేవు. ఒకనాడు చాయ హోటల్ల నా పక్కన కూసున్నడు. చాయ తాగుకుంట అటు ఇటు చూసిండు. ఆఖరికి చిన్నగ అన్నడు.

"మా అన్న పోయిన రాత్రి ఆ పెట్టె మూత తీసి ఉండె, సారూ."

ఎల్లవ్వను అడిగితే జెరంతోని పోయిండని చెప్పింది. మూత సంగతి అడిగిన. ఆమె నా దిక్కు చూడలే. అన్నం వడ్డించి లోపలికి పోయింది.

ఆ దినం సంది నాకు అనుమానం పట్టుకుంది. పురుగు మీద. ఎల్లవ్వ మీద. చెప్పిన రాములు మీద గూడ. రాత్రి నడిమింటి తలుపు దగ్గరికేసి, దానికి నా ట్రంకు పెట్టె అడ్డం పెట్టుకొని పండేది.

గట్లాంటి దినాలల్ల ఎల్లవ్వ కంటికి పొర కమ్మింది. ఆపరేషన్ జెయ్యాలె, మహబూబ్‌నగర్ దవాఖానకు రమ్మన్నరు. వాడకట్టు ఆడోళ్లు ఇద్దరు తోడు పోతున్నరు. బస్సెక్కే ముందు నా చేతుల ఇంటి తాళంచెవి పెట్టింది.

"రాములుకు ఇయ్యకు సారూ. దాన్ని ఒంటిగ సావనియ్యకు."

సరేనన్న. అనకుంటే ఏం జేస్త?

మొదటి రెండు దినాలు మంచిగనే గడిచినయ్. పొద్దుమాపు దూదితోని నీళ్లు పిండిన. రెండో దినం రాములు వచ్చి తాళంచెవి అడిగిండు. ఇయ్యలే. ఎందుకని అడిగితే చెప్పలే. పోయిండు.

మూడోనాడు బడి నుంచి వచ్చి చూస్తే... కాళ్లన్ని కడుపు కిందికి ముడుచుకొని ఉంది. నీళ్లు పిండిన. కదల్లే. చీపురుపుల్లతోని కాలు మీద తాకిచ్చిన. ఎండిన కట్టెపుల్ల తీరు గట్టిగున్నది. మళ్ల పిండిన. దూది ఆరేదాక పిండిన. ఏం లేదు.

అయిపాయె అనుకున్న. ముసల్దానికి ఏం చెప్పాలె అన్న ఫికర్ తప్ప నాకు వేరే ఆలోచన లేదు. ఆమె వచ్చి చూసుకోని, అప్పటిదాక ముట్టొద్దనుకున్న. చీమలు పట్టకుంట మూత ఏసి, మూత మీద పచ్చడి నూరే రాయి పెట్టిన. ఎండిన దూదిని పక్కన గిన్నెల ఏసిన. ముందటి తలుపుకు లోపలి నుంచి గొళ్లెం. వెనుక తలుపుకు లోపలి నుంచి గడియ. రెండు సార్లు చూసుకున్న. రాములు మీద అనుమానంతోని మూడోసారి గూడ చూసిన.

ఆ రాత్రి నడిమింటి తలుపు తెరిచే పెట్టిన. చచ్చినదానికి ఏం భయం...

ఎప్పుడో మెలకువైంది. లాంతరు సన్నగ మండుతాంది. బయట గాలి గూడ లేదు. ఒక చప్పుడు.

టప్.

వానేమో అనుకున్న. చలికాలం, వానెక్కడిది?

టప్... టప్...

నీళ్ల చుక్క ఇసుక మీద పడ్డ చప్పుడు. మూడు దినాల సంది నేను చేస్తున్న చప్పుడే. నాకు దాని లెక్క ఎరుకనే. ఒక చుక్క పిండి, ఆగి, చూసి, ఇంకో చుక్క పిండాలె. గట్లనే పడుతున్నయి. ఆగి... ఆగి... ఎవరో చూసుకుంట పిండుతున్నట్టు.

లేవాలనుకున్న. బొంత మీదనే కూసున్న. నోరు తెరిచి ఎవరని అడిగిన. అడిగిన్నో, అడిగిన్నని అనుకున్ననో. చప్పుడు ఆగింది. అడుగుల చప్పుడు లేదు. తలుపు చప్పుడు లేదు. ఆగింది, అంతే.

ఎంత సేపు కూసున్ననో. ఆఖరికి లాంతరు వత్తి పెంచి పట్టుకొని గడప కాడ నిలబడ్డ.

మూత తీసి ఉంది. పడిపోలే, గోడకు ఆనిచ్చి మంచిగ నిలబెట్టి ఉంది. నూరే రాయి నేల మీద ఉంది. గిన్నెల దూది... తడి. చుక్క కారుతాంది.

పెట్టెల సాలెపురుగు కాళ్లన్ని చాపుకొని ఉంది.

లాంతరు కిందికి దించిన. ముందటి కాలు ఒకటి పైకి లేచింది. మెల్లగ... శానా మెల్లగ. కింద పెట్టుకుంది. లాంతరు ఊగి నీడ కదిలిందేమో.

ముందటి తలుపు చూసిన. గొళ్లెం పెట్టే ఉంది. వెనుక తలుపు గడియ ఏసే ఉంది. ఎల్లవ్వ అర్ర, వడ్ల కాగుల వెనుక, అటక మీద, అన్ని వెతికిన. పిల్లి గూడ లేదు. పొద్దు పొడిచేదాక పెట్టె కాడనే కూసున్న. అది మళ్ల కదల్లే. కాళ్లు చాపుకొనే పోయింది.

తెల్లారంగనే గొళ్లెం తీసిన. ఎదురుంగ రాములు. భుజం మీద పార. చేనుకు పోతున్నడేమో అనుకున్న.

"పోయిందా సారూ?" అన్నడు. "ఏడు కాళ్లు చాపుకొని పోయిందా?"

కాలు ఊడింది పోయిన ఎండకాలం. వాడు ఆ ఇంట్ల అడుగు పెట్టక నాలుగేండ్లు. ఎట్ల తెలుసని అడిగితే ఎవరో చెప్పిన్రన్నడు. ఎవరని అడిగితే పార ఈ భుజం మీది నుంచి ఆ భుజం మీదికి మార్చుకున్నడు. అన్న పెంచిన పురుగు, గుంత తనే తవ్వుతనన్నడు. వదినె వచ్చినంకనే అని చెప్పిన. తలకాయ ఊపి పోయిండు.

రెండు దినాలకు ఎల్లవ్వ వచ్చింది. ఒక కంటికి పట్టీ. రెండో కంటితోని పెట్టెలకు శానా సేపు చూసింది. ఏడ్వలే. ఆఖరికి నీళ్లు తాగిందా అని అడిగింది. తాగిందని చెప్పిన. నేను తాపిన్నని చెప్పలే, ఎవరు తాపిన్రో గూడ చెప్పలే. ఆమె అడుగలే గూడ.

రాములును పిలవమన్నది. నాలుగేండ్ల తర్వాత. వెనుక దొడ్డిల వాడు గుంత తవ్విండు. పురుగును పాత దస్తీల చుట్టి ఆమె కిందికి దించింది. మన్ను ఏసేటప్పుడు వాడు భుజంతోని కండ్లు తుడుచుకున్నడు.

ఆ మాపటికి ఇగ ఉండబట్టక ఎల్లవ్వను అడిగేసిన. ఈ ఇంట్లకు నాకు తెల్వని తొవ్వ ఏమన్న ఉందా అని. ఆ రాత్రి సంగతంత చెప్పిన. ఆమె బియ్యం ఏరుకుంటనే విన్నది.

"వచ్చినోళ్లు నిన్నేమన్న చేసిన్రా?"

"లేదవ్వా."

"మరింక ఎందుకడుగుతవ్ సారూ."

గంతే. మళ్ల ఆ ముచ్చట తియ్యనియ్యలే. నెల నిండంగనే నేను వేరే జాగల అర్ర చూసుకున్న.

రాములు అనుకుందామంటే గొళ్లెం, గడియ లోపలి నుంచే ఉండె. రాములు కాదందామంటే ఏడు కాళ్ల మాట ఎక్కడికెళ్లి వచ్చింది? ఎల్లవ్వ పోయింది, రాములు పోయిండు. అడుగుదామన్నా ఇప్పుడు ఎవ్వరు లేరు.

ఒక్కటి మాత్రం చెప్త. ఇది నేను ఎవ్వరికి చెప్పలే. లాంతరు పట్టుకొని గడప కాడ నిలబడ్డప్పుడు నాకు ముందు భయం కాలే. హమ్మయ్య అనిపించింది... నేను చెయ్యలేని పని ఎవరో చేసిపెట్టిన్రని. భయం ఆ తర్వాత వచ్చింది. వచ్చింది మళ్ల పోలే.