కదలని గీత

ఆరేళ్ళుగా గొంతులో ముల్లులా ఉన్న మాట ఇది. మింగుడు పడదు, బయటికి రాదు. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. నన్ను ఊరడించాలని మాత్రం చూడకండి.

నంద్యాలలో ఒక ఆసుపత్రిలో, క్యాన్సరు రోగులకు కరెంటు, అంటే రేడియేషను, పెట్టే ముందు తీసే స్కాను నా పని. కడుపులోని గడ్డ ఒకచోట ఉండదు. ఊపిరితో పాటు పైకీ కిందికీ జరుగుతుంది. అందుకే రోగి పొట్టమీద చిన్న డబ్బా పెట్టి, మామూలుగా ఊపిరి తీసుకోమని, అదెంత కదులుతుందో తెరమీద గీతలో చూస్తాం. దాన్ని బట్టే కరెంటు ఎంత మేర పడాలో నిర్ణయిస్తారు.

ఒకరోజు ఆళ్ళగడ్డ నుంచి ఒక శిల్పి వచ్చాడు. అరవై దాటిన మనిషి, కాలేయంలో గడ్డ. బల్లమీద పడుకోగానే తెరమీద గీత దాదాపు కదలకుండా ఆగిపోయింది. ఊపిరి బిగబడుతున్నాడని నాకు తెలిసిపోయింది.

"ఏం పెద్దాయనా, ఊపిరి బిగబట్టినావా?"

"బొమ్మకు కన్ను దిద్దేటప్పుడు అట్లనే బిగబడతామప్పా. చెయ్యి అదిరితే రాయి పాయె గదా. ఈడ గూడా కదలగూడదంటిరి. ఏందీ, తప్పు చేస్తాండానా?"

"లేదులే. బాగుంది. అట్లనే ఉండు."

తప్పని చెప్పాల్సింది. లేపి కూర్చోబెట్టి, భయం పోగొట్టి, మళ్ళీ స్కాను తీయాల్సింది. గంట పట్టేది. ఆ రోజు బనగానపల్లెలో మా బావమరిది గృహప్రవేశం, భోజనాలకు అందుకోవాలి. అంతే. ఇంతకన్నా పెద్ద కారణం ఏమైనా ఉందేమోనని ఎన్నిసార్లు వెతుక్కున్నానో. లేదు. ఊపిరి సరిగా ఉందని కాగితం మీద రాసి వెళ్ళిపోయాను. డాక్టరు నా రాతను నమ్మి, గడ్డ పెద్దగా కదలదనుకుని, దాని చుట్టూ కొద్దిపాటి చోటే కలిపి ప్లాను వేశారు.

కరెంటు పెట్టిన రోజుల్లో ఆయన భయం తీరి హాయిగా ఊపిరి తీసుకున్నాడు. గడ్డ కదిలింది. రోజూ తీసే ఫొటోలో ఎముకలే తెలుస్తాయి, గడ్డ తెలియదు. కరెంటు కొంత దానికి తగల్లేదు, కొంత పక్కనున్న పేగుకు తగిలింది. కొన్ని నెలలకు పేగు పుండై, రక్తం కక్కుకుని పోయాడు. అప్పుడు పాత స్కాను తెరిచి, పుండు పడ్డాక తీసిన కొత్తదాని పక్కన పెట్టి చూసింది నేనొక్కణ్ణే. చూసి మూసేశాను.

కాగితాల కోసం ఆయన భార్య వచ్చింది. పుండుకు ఆయన తాగిన బీడీలే కారణమని ఎవరన్నారో, నమ్మేసింది. "ఎంత చెప్పినా ఇన్లేదప్పా, మొండి మనిషి" అని పోయిన మొగుణ్ణి తిట్టుకుంటూ ఏడ్చింది. నేను తల ఊపాను. ఇది మొదటి తప్పు కన్నా పెద్దదా? నాకు పెద్దదే. మొదటిది తొందరలో చేశాను. ఇది తీరిగ్గా, కుర్చీలో కూర్చుని చేశాను.

ఆమె ఆళ్ళగడ్డలోనే ఉంది. ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉంటుందేమో. ఎదురుగా వెళ్ళి చెప్పే ధైర్యం నాకు లేదు, ముందు ముందు వస్తుందనీ అనను. ఇది రాశాక కొంచెం తేలికైంది. అలా తేలికైనందుకు సిగ్గుగా ఉంది.

బీడీలు కాదమ్మా. నేను.