ఫణీంద్ర చెంబు, రాజుగారి కారు

ఫణీంద్ర చెంబు లేకుండా గడప దాటేవాడు కాదు. ఒకసారి రాజమండ్రి స్టేషన్లో పెళ్ళాన్ని ప్లాట్‌ఫారం మీదే మరిచిపోయి సామర్లకోట దాకా వెళ్ళిపోయాడట. చెంబు మాత్రం ఒళ్ళో భద్రంగా ఉందట. ఈ మాట చెప్పింది అచ్చిబాబు. అచ్చిబాబు చెప్పినదాంట్లో సగం కొట్టెయ్యాలని రాజమండ్రిలో అందరికీ తెలుసు. ఆ సగం ఏదో ఎవరికీ తెలీదు.

అచ్చిబాబుకి మెయిన్ రోడ్డు వెనక సందులో స్టూడియో ఉండేది. డిగ్రీ రెండో ఏడులో, కాలేజీలో తనకి చెప్పగలిగినవాళ్ళు లేక బయటికొచ్చేశానని చెప్పుకునేవాడు. కాలేజీ వాళ్ళ కథ వేరే ఉంది. ఫణీంద్ర అతని బెంచీమేటు. హైదరాబాదులో కంప్యూటర్ బొమ్మల పని నేర్చుకుని, రెండువేల మూడులో ఒక కంప్యూటరూ ఒక స్టీలు చెంబూ పట్టుకుని వచ్చి ఆ స్టూడియోలో దిగాడు. అతని పని కార్లు చెయ్యడం. ఇనుముతో కాదు, కంప్యూటర్లో. కేటలాగు చూసి కారు తయారుచేసి, మనం తీసిన ఫొటోలో, మనం చెప్పిన రోడ్డు మీద దాన్ని నిలబెట్టేవాడు.

"కారు బొమ్మ చేశావు. ఫొటో ఉంది. అంటించెయ్యి. మధ్యలో చెంబెందుకురా?" అని అచ్చిబాబు మొదటిరోజే అడిగాడు.

"కారంటే ఏంటనుకున్నావు? చక్రాలున్న అద్దం. దాని ఒంటి మీద ఆకాశం పడాలి, చెట్లు పడాలి, ఎదురుగా ఉన్న ఇల్లు పడాలి. అవి లేకపోతే చూసినవాడికి ఎందుకో తెలీదు గానీ ఇది బొమ్మ అని తెలిసిపోద్ది. కారు రాకముందే అక్కడ ఏం పడుతుందో ఎవరు చెప్తారు? చెంబు చెప్తుంది."

అందుకని కారు ఎక్కడ నిలబడాలో అక్కడ చెంబు బోర్లించి, చుట్టూ తిరిగి ఫొటోలు తీసేవాడు. ఆ గుండ్రటి కడుపులో ఆకాశం, నేల, ముందు, వెనక అన్నీ ఉండేవి. వాటిని కంప్యూటర్లో విప్పి కారుకి చుట్టేవాడు. పని అయ్యాక కారు అక్కడే పుట్టి పెరిగినట్టు ఉండేది.

వచ్చిన చిక్కల్లా, చెంబు పట్టుకుని పొలాల వైపు నడిచే మనిషిని మన డెల్టాలో ఎవరూ కళాకారుడనుకోరు. ధవళేశ్వరం కాలవగట్టు మీద ఫణీంద్ర చెంబుతో వెళ్తుంటే ఎదురొచ్చిన ఆడవాళ్ళు గబుక్కున మొహాలు తిప్పుకున్నారు. ఒక పెద్దాయన సైకిల్ ఆపి మరీ సాయం చేశాడు.

"అటు కాదు బాబూ, కాలవ కాపలా లస్కర్లు తిరుగుతుంటారు. ఆ తుమ్మల చాటుకెళ్ళు, నిమ్మళంగా ఉంటది."

"నాకు ఎండ కావాలండి. నలుగురూ తిరిగే చోటు కావాలి."

ఆ పెద్దాయన సైకిలెక్కి మళ్ళీ వెనక్కి చూడలేదు. ఫణీంద్ర నడిరోడ్డు మీద చెంబు బోర్లించి, దాని ముందు బోర్లా పడుకుని ఫొటోలు తీసుకున్నాడు.

పెళ్ళిచూపులకి కూడా ఆ చెంబుతోనే వెళ్ళాడు. పిల్ల తండ్రి మురిసిపోయి, "చూశారా, పరాయి ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టడు, ఎంత ఆచారమో!" అని అక్కడికక్కడే తాంబూలాలు మార్చుకుందామన్నాడు. పెళ్ళయ్యాక ఆ ఆచారవంతుడు బజ్జీల బండి దగ్గర నిలబడి తింటుంటే చూసి, మామగారు రెండురోజులు మాట్లాడలేదు.

ఇలా సాగుతుండగా భీమవరం నుంచి సీతారామరాజుగారు వచ్చారు. చేపల చెరువుల మీద బాగా సంపాదించి, రాజమండ్రిలో కార్ల షోరూం పెడుతున్నారు. ముహూర్తం దగ్గరపడింది, కొత్త మోడల్ బండి మాత్రం కంపెనీ నుంచి ఇంకా దిగలేదు. కొవ్వూరు రేవులో, వెనకాల గోదావరి మీద వంతెన కనబడేలా తన కారు నిలబడి ఉన్న పెద్ద హోర్డింగు కావాలన్నారు. ముహూర్తం పొద్దున ఆ రేవులోనే, ఆ హోర్డింగు కిందే కొబ్బరికాయ కొడతారట.

"బాగుంటే పాలకొల్లు నుంచి తుని దాకా నా హోర్డింగులన్నీ మీవేనండి. కానీ ఒక్కటే మాట. చూసినవాడెవడూ ఇది బొమ్మ అనకూడదు. అన్నాడా, మీకూ నాకూ నమస్కారం."

"బొమ్మా? మా ఫణి చేసిన కారుకి పెట్రోలు పోద్దామని బంకువాడు గొట్టం పట్టుకొచ్చాడండి," అన్నాడు అచ్చిబాబు. లోపల మాత్రం వేరే లెక్క వేసుకుంటున్నాడు. ఈ పని పోతే మళ్ళీ పాస్‌పోర్టు సైజు ఫొటోలే గతి.

రేవులో మరిడమ్మకి పునుగుల బడ్డీ ఉంది. హోర్డింగుకి ఫొటో తీస్తారని తెలిసి ఆవిడ పట్టుచీర కట్టి, తలలో చేమంతులు పెట్టి, ఫొటో తీసే చోట సరిగ్గా మధ్యలో నిలబడింది. రాజుగారు చూసి మొహం చిట్లించారు.

"ఆవిణ్ణి కొంచెం అవతలికి జరగమనండి. కారు పక్కన పునుగులేంటండీ!"

మరిడమ్మ జరిగి జరిగి కెమెరా వెనక్కి వచ్చేసింది. అక్కడే సర్దుకుని, నవ్వు మొహం పెట్టి నిలబడింది. అచ్చిబాబు వంతెన ఫొటో తీశాడు. ఫణీంద్ర చెంబు బోర్లించి తన తతంగం కానిచ్చాడు.

"బాబూ, నేను పడ్డానా?" అంది మరిడమ్మ.

కెమెరా వెనకున్న మనిషి ఎలా పడుతుంది? ఆ మాటే చెబుదామని అచ్చిబాబు నోరు తెరిచాడు. ఫణీంద్ర చెంబు మీదికి వంగి చూసి, "పడ్డారండి మరిడమ్మగారూ. నిక్షేపంగా పడ్డారు," అన్నాడు.

అంతే. సాయంత్రానికి పడవల వాళ్ళకీ, పూలమ్మేవాళ్ళకీ, పిండాలు పెట్టించే పంతుళ్ళకీ కూడా మరిడమ్మ హోర్డింగుకెక్కుతోందని తెలిసిపోయింది.

"పాపం, ఆవిడకి ఎందుకురా ఆశ పెట్టావు? రేపు రేవంతా నవ్వుతారు," అన్నాడు అచ్చిబాబు తిరుగుదారిలో.

"చెంబు చూసింది చెప్పానంతే."

కారు తొందరగానే తయారైంది. వంతెన ముందు ఎర్రగా మెరుస్తూ నిలబడింది. నీడ కుదిరింది, చక్రాల కింద ఇసుక కుదిరింది. అయినా ఫణీంద్ర కంప్యూటర్ వదల్లేదు. వెనక తలుపు పట్టుకుని గీకుతూనే ఉన్నాడు.

"అయిపోయింది కదరా! ఫ్లెక్స్ వాడు ప్రాణం తీస్తున్నాడు."

"తలుపు సర్దుతున్నా."

"తలుపుకేమైంది, పడట్లేదా?"

"చెంబు గుండ్రంగా ఉంటుంది కదా, అందులో అన్నీ వంకర వచ్చేస్తాయి. తలుపు మీద వంకర ఉండకూడదు."

అచ్చిబాబు చెంబుని తిట్టాడు, చెంబు చేసిన కంపెనీని తిట్టాడు. చివరికి ఫ్లెక్సు గడువుకి అందింది.

ముహూర్తం పొద్దున రేవులో హోర్డింగు లేచింది. రాజుగారు పట్టుపంచెతో, కొబ్బరికాయతో నిలబడ్డారు. జనం మూగారు. సరిగ్గా అప్పుడే వెనక నుంచి ఒక పడవ సరంగు గొంతు లేచింది.

"ఇదంతా కంప్యూటర్ బొమ్మండీ! మేం రోజూ ఇక్కడే పడుంటాం. ఈ రేవులోకి ఎర్ర కారు ఎప్పుడొచ్చింది?"

"అవును, నేనూ చూళ్ళేదు," అన్నాడు ఇంకొకడు.

రాజుగారు కొబ్బరికాయ దించి అచ్చిబాబు వైపు చూశారు. పాలకొల్లు నుంచి తుని దాకా హోర్డింగులన్నీ ఆ చూపులో కొట్టుకుపోవడం అచ్చిబాబుకి కనబడింది.

"మరిడమ్మనడగండి! ఫొటో తీసినరోజు పొద్దుట్నుంచీ ఆవిడ ఇక్కడే ఉంది," అన్నాడు సరంగు.

ఆ రోజు రేవులోకి వచ్చింది ఒక్క చెంబు. ఆ సంగతి మరిడమ్మ కళ్ళారా చూసింది. పైగా హోర్డింగులో తను లేదని ఇప్పుడే చూసుకోబోతున్న మనిషి. ఆవిడ చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చింది. బొమ్మని ఈ చివర నుంచి ఆ చివరకి వెతికింది. వంతెన చూసింది, ఇసుక చూసింది. మొహం వాడిపోతోంది.

"తలుపు చూడండి మరిడమ్మగారూ. వెనక తలుపు," అన్నాడు ఫణీంద్ర మెల్లిగా.

చూసింది. అప్పుడు అచ్చిబాబూ చూశాడు. కంప్యూటర్ తెర మీద అగ్గిపుల్లంత ఉన్నది ఫ్లెక్సు మీద మూరెడు మనిషైంది. నున్నటి ఎర్ర తలుపులో, పట్టుచీరతో, చేమంతులతో, నవ్వు మొహంతో నిటారుగా నిలబడి ఉంది మరిడమ్మ. చెంబులో ఎవరు పడినా ముక్కు గుమ్మడికాయంత అవుతుంది, కాళ్ళు చీమకాళ్ళవుతాయి. ఇక్కడ ముక్కు ముక్కులాగే ఉంది. ముక్కుపుడక కూడా కనబడుతోంది. ఫణీంద్ర సర్దింది తలుపుని కాదు.

మరిడమ్మ కొంగుతో మొహం తుడుచుకుని సరంగు వైపు తిరిగింది.

"ఏరా, కారు రాలేదంటావా? రాకపోతే దాని తలుపులో నేనెలా పడ్డానురా? నువ్వు తాగి పడుకుంటే కారొచ్చిందీ, పోయిందీ నీకేం తెలుస్తాది? మెత్తటి సీట్లు! హారన్ కూడా కొట్టారు!"

జనమంతా తలుపు వైపు ఎగబడ్డారు. "అవునర్రా, మరిడమ్మే!" "పునుగుల మూకుడు కూడా ఉంది చూడు!" సరంగు కళ్ళు నులుముకుని, తనూ హారన్ విన్నట్టే గుర్తుందన్నాడు.

రాజుగారు తలుపు చూశారు, మరిడమ్మని చూశారు, ఫణీంద్రని చూశారు. "జరగమన్నాను కదండీ ఆవిణ్ణి!"

"జరిగారండి. మీరు జరగమన్న చోటే ఉన్నారు," అన్నాడు ఫణీంద్ర.

రాజుగారికి నవ్వాగలేదు. కొబ్బరికాయ మరిడమ్మ చేతికిచ్చి, "మీరే కొట్టండి, నా బండికి సాక్ష్యం మీరే కదా," అన్నారు. ఆవిడ ఒక్క దెబ్బకి కొట్టింది.

అసలు కారు మధ్యాహ్నం లారీలో దిగింది. రేవులో దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. దాని తలుపులో మరిడమ్మ లేదు.

ఆ తర్వాత ఫణీంద్ర కొవ్వూరు వచ్చినప్పుడల్లా మరిడమ్మ ఆ చెంబు లాక్కుని, చింతపండుతో, బూడిదతో తళతళా తోమి ఇచ్చేది. ఒకసారి అచ్చిబాబు పునుగులు తింటూ, దాహమేసి, ఆ చెంబుతో కుండలో నీళ్ళు ముంచబోయాడు. మరిడమ్మ చేతి మీద ఒక్కటిచ్చింది.

"చెంబనుకున్నావా? కారు బాబూ అది!"