దారి అడిగే బార్తెలెమి

బార్తెలెమికి దారి అడగడం ఒక జబ్బు. తెలియనివాడు అడిగితే అర్థముంది. ఈయన బంగాసు నుంచి రఫాయికి లారీ తోలి తోలి జుట్టు నెరిసిపోయినవాడు. పైగా ఆ రెండూళ్ళ మధ్య ఉన్నది ఒకటే రోడ్డు. కుడికి అడవి, ఎడమకు అడవి. తప్పిపోవాలని ముచ్చటపడినా లారీ చెట్టెక్కాల్సిందే తప్ప వేరే మార్గం లేదు.

అయినా సరే, నాలుగు గుడిసెలు కనిపిస్తే బండి ఆపేస్తాడు. దిగుతాడు. టోపీ తీసి చంకలో పెట్టుకుంటాడు. "పెద్దయ్యా, రఫాయికి ఇటేనా?" అంటాడు, ఆ ఊరి పేరు వినడం అదే మొదలన్నట్టు.

చెప్పేవాళ్ళేమన్నా తక్కువవాళ్ళా? "ఇటే" అంటే తీరిపోయేదానికి, వాళ్ళ తాతకి ఏనుగు ఎదురైన వాగు దగ్గర ఎత్తుకుంటారు. ఒక ఊళ్ళో ఇద్దరు ముసలాళ్ళు వాగు ముందొస్తుందా, కూలిన చెట్టు ముందొస్తుందా అని చేతికర్రలెత్తారు. బార్తెలెమి ఇద్దరి చేతా మళ్ళీ మొదటినుంచీ చెప్పించుకున్నాడు. మరోసారి ఆవుల్ని తోలుకుపోతున్న కాపరిని ఆపి అడిగితే, "అయ్యో, నేనే నిన్నడుగుదామనుకుంటున్నా!" అన్నాడతను. ఇద్దరూ రోడ్డు పక్కన కూర్చుని మూడో మనిషి కోసం ఎదురుచూశారట.

ఇవన్నీ ఆయన భార్య ఫిలొమెన్ ఇంట్లో కూర్చుని విన్న కథలు. విని, నవ్వి, కర్రపెండలం దంచుకునేది. మొగుడి లారీలో తానే ఎక్కాక కానీ అందులోని బాధ తెలిసిరాలేదు.

ఆమె ఒళ్ళో బట్టలమూట ఉంది. రఫాయిలో ఉన్న అక్క అనస్తాజి మొగుడు పోయి ఏడాది. ఆ సాయంత్రం పొద్దు గూకేలోపు అక్క నల్లబట్టలు విప్పాలి. ఆమెతోపాటు ఇంటి ఆడవాళ్ళంతా ఒకే అచ్చు కొత్త గుడ్డ కట్టాలి, డప్పు మోగాలి. ఆ గుడ్డలన్నీ ఈ మూటలోనే ఉన్నాయి. పొద్దు దాటిపోతే చుట్టాలు మళ్ళీ కూడేది వచ్చే ఎండాకాలంలోనే. అందాకా అక్కకు నలుపే.

"ఏమయ్యా, ఈ ఒక్కరోజూ అడక్కపోతే నీ నోరు పడిపోతుందా?"

"ఒక్క మాటేగా ఫిలో."

"నీది ఒక్క మాటే. వాళ్ళదే పురాణం!"

పైన బస్తాల మీద మేకలతో కూర్చున్న ప్రయాణికురాలు జకెలిన్ తల వంచి చూసింది. "అమ్మా, మీ ఆయన స్వర్గానికి పోయినా గేటు ముందు నిలబడి ఇది స్వర్గమేనా అని అడుగుతాడే!"

"అడగనీ. ఈయన చేరేసరికి ఎలాగూ మూసేస్తారు."

దారిలో గోన్డా అనే పెద్దయ్య ఊళ్ళో ఫిలొమెన్‌కు ఓపిక నశించింది. ముసలాయన లారీ చప్పుడు వినగానే కోటు తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని, కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాడు. మామిడితోపు దగ్గర మొదలుపెట్టాడు. తోపు దాటకముందే పొద్దు వాలడం మొదలైంది. బార్తెలెమి ఇంజనుకు నీళ్ళు పోయడానికి వెళ్ళగానే ఆమె దూకినట్టు దిగింది.

"పెద్దయ్యా, ఆయనకు దారి తెలుసు. అక్కడ మా అక్క నల్లబట్టల్లో కూర్చునుంది. నీకు దణ్ణం పెడతా, పంపించెయ్."

"తెలుసని మాకు తెలీదా తల్లీ? ఈ రోడ్డు కొట్టిందే మేము."

"మరెందుకయ్యా ఈ నాటకం?"

ముసలాయన గొంతు తగ్గించాడు. "తుపాకులోళ్ళు తిరిగిన ఏడాది ఊరంతా గడ్డిలో దాక్కున్నాం. బండి చప్పుడైతే పిల్లల నోళ్ళు మూసేవాళ్ళం. ఓ రోజు ఈ లారీ వచ్చింది. ఊళ్ళో కుక్క కూడా లేదు. నీ మొగుడు దిగాడు, టోపీ తీశాడు, రోడ్డు నడుమ నిలబడి 'అయ్యలారా, రోడ్డెక్కడుంది?' అని అరిచాడు. కాళ్ళకిందే ఉందిరా వెర్రోడా అని ముందు మా ముసల్ది నవ్వింది. తర్వాత గడ్డి అంతా నవ్వింది. దోచుకునేవాడు దారి అడుగుతాడా? బయటికొచ్చాం. ఉప్పూ సబ్బూ దించిపోయాడు. ప్రతి ఊళ్ళోనూ ఇదే తంతు. ఈ లారీ ఆగకుండా పోయిందనుకో, వేరెవడో తోలుకుపోతున్నాడని మళ్ళీ గడ్డిలోకి పరిగెత్తమూ?"

ఆ ఏడాది గురించి మొగుడు ఇంట్లో చెప్పిందల్లా బేరాలు బాగాలేవనే. ఫిలొమెన్ పొద్దు వైపు చూసింది, మూట సర్దుకుంది, ముసలాయన ఎదుట కింద కూర్చుంది.

"సరే పెద్దయ్యా, మామిడితోపు దాటాక ఎటు?"

ఆయన తృప్తిగా రఫాయి దాకా చెప్పాడు.

తర్వాతి ఊళ్ళల్లో బండి ఆగకముందే కిటికీలోంచి తల బయటపెట్టి ఆమే అరిచింది: "అయ్యా, రఫాయికి ఇటేనా?" పైన జకెలిన్ మేకలతో మొరపెట్టుకుంది: "అయిపోయింది. ఈవిడకూ అంటుకుంది."

రఫాయి చేరేసరికి పొద్దు తాటితోపుకు తగులుతోంది. వాకిలి నిండా చుట్టాలు. అనస్తాజి మాత్రం లోపల గడియ వేసుకుంది.

"చీకటి పడ్డట్టే. ఇంక విప్పను. నాకిదే అలవాటైపోయింది, పోండి."

చెల్లెలు బతిమాలింది, పిన్నమ్మలు బతిమాలారు. గడియ కదల్లేదు. అప్పుడు బార్తెలెమి వచ్చి తలుపు ముందు నిలబడ్డాడు. టోపీ తీశాడు.

"వదినా, బంగాసుకి ఎటు పోవాలి?"

లోపల ఎవరో ముక్కు చీదినట్టయింది.

"వచ్చిన దారినే పో, మతిలేనోడా!"

"ఎటొచ్చానో గుర్తులేదు వదినా. కాస్త చెయ్యి చూపిస్తే..."

గడియ ఊడింది. అనస్తాజి నవ్వు ఆపుకోలేక నోటికి ఒక చెయ్యి అడ్డం పెట్టుకుని, రెండో చెయ్యి బంగాసు ఉన్న పడమరకు చాపింది. అక్కడింకా కొబ్బరిముక్కంత పొద్దు మిగిలి ఉంది. ఆ చాపిన చేతిమీదనే ఆడవాళ్ళు కొత్త గుడ్డ వేసేశారు. డప్పు మోగింది.

"ఎవరే ఈ పిచ్చాయన?" అంది దూరపు చుట్టం ఒకామె.

"మా ఆయన," అంది ఫిలొమెన్, డప్పును మించిన గొంతుతో.