సానపట్టిన రవ్వ

ఎవరైనా ‘వద్దు’ అంటే కమలకుమారి నమ్మేది కాదు. అమీర్‌పేటలో ఆవిడది ఆడపిల్లల హాస్టల్. జావా అనీ టెస్టింగ్ అనీ కోర్సులు నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలు పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టి “చాలు ఆంటీ” అంటే, ఆ చెయ్యి పక్కకి నెట్టి మరో గరిటె అన్నం వడ్డించేది. “మొహమాటపడకే! మీ అమ్మ దగ్గరైతే ఇంతే తింటావా?” అనేది. కింది వాటాలో ఉండే నాకూ ఆ బాధ తప్పలేదు. డాక్టరు తీపి మానెయ్యమన్నాడు మొర్రో అంటే డబ్బా నిండా పూర్ణాలు పంపేది. పంపితే తినేసేవాళ్ళం. ఆ పిల్లలూ తినేసేవాళ్ళు. అందుకే తన అంచనా తప్పుతుందని ఆవిడకి ఏనాడూ అనిపించలేదు.

మనిషిది గోదావరి వైపు. భర్త చక్రపాణి పోయాక కొడుకు భార్గవ్‌ని ఆ హాస్టల్ మీదే చదివించింది. చెవులకి అత్తగారిచ్చిన రవ్వల దుద్దులుండేవి. చెవికొక్క రాయి, శనగబద్దంత. భర్త పోయినప్పుడు తీసెయ్యమని సణిగిన చుట్టాలని మళ్ళీ గుమ్మం ఎక్కనివ్వలేదు. రాళ్ళు పెద్దవే గానీ పాతకాలపు సాన, వెలుగు తక్కువ. ఒక పెళ్ళిలో ఎవరో మహాతల్లి “గాజురాళ్ళా అండీ?” అని అడిగిందని ఇంటికొచ్చి అన్నం మానేసింది. ఆ మాట ఆవిడ మనసులోంచి పోలేదు.

హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తున్న భార్గవ్‌కి, అక్కడే మరో కంపెనీలో పనిచేసే ధాత్రితో సంబంధం కుదిరింది. పెళ్ళిచూపుల్లోనే కమలకుమారి ఒక దుద్దు తిప్పి చూపించి, ఈ రాయే నిశ్చితార్థానికి మీ పిల్ల వేలికి ఉంగరమవుతుందని చెప్పేసింది. కొత్తది కొంటానన్నాడు భార్గవ్. వింటేగా! ధాత్రి తల్లి ఆ రాయిని కళ్ళప్పగించి చూసి, తర్వాత చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పుకుందట.

ధాత్రినీ నన్నూ వెంటబెట్టుకుని పంజాగుట్టలో ఒక నగల షాపుకి తీసుకెళ్ళింది. దుర్గేష్ అని అక్కడి సేల్స్‌మన్, దుద్దులోంచి రాయి తీయించి కొత్త సాన రవ్వ పక్కన పెట్టాడు. ఆ కొత్తది మిరియం గింజంతే. కానీ దీపం కింద రంగులు చిమ్ముతోంది. మన రాయి దాని పక్కన నీళ్ళ బొట్టులా ఉంది.

“గీ రాయి మస్తు పెద్దగున్నది మేడం, గని చమక్ లేదు. మళ్ళ సాన పట్టిస్తే సగం పోతది. మిగిలింది జబర్దస్త్ మెరుస్తది. ఒక్కసారి కోసినంక ఎన్కకు రాదు, జర సోంచాయించుండ్రి” అన్నాడు.

“నీకేది ఇష్టం తల్లీ?” అంది కమలకుమారి.

“ఉన్నదున్నట్టే ఉంచండి ఆంటీ. పాతది కదా, అలాగే బాగుంది” అంది ధాత్రి. బయటికొచ్చాక మళ్ళీ అంది, “కోయించకండి ఆంటీ, వద్దు” అని.

ఆటోలో వస్తుంటే ఈవిడ మొహం వెలిగిపోతోంది. “ఎంత మర్యాదస్తురాలో చూశావా జానకీ? నా రాయి చిన్నదైపోతుందని మొహమాటపడుతోంది. ఆ మెరిసేదాని వంక ఎలా చూసిందీ!”

“నగల షాపులో మెరిసేదాని వంక చూడక గోడల వంక చూస్తారా? వద్దంది కదా, ఊరుకో” అన్నాను.

ఊరుకుంటే కమలకుమారి ఎందుకవుతుంది? తన చెవి రాయి గాజన్నట్టు రేపు ఆ పిల్ల వేలి రాయిని ఎవరైనా అంటారేమోనని భయం. సైజుదేముంది, వెలుగే గొప్ప అనుకుంది. కొడుక్కి కూడా చెప్పకుండా వెళ్ళి సానకిచ్చేసింది.

ఆవిడ అనుకున్నట్టే నిశ్చితార్థం నాడు ఆ ఉంగరం ధగధగలాడిపోయింది. నేనే చెప్తున్నాను, అంత అందమైన రవ్వని నేను మళ్ళీ చూడలేదు. కానీ అక్కడికొచ్చినవాళ్ళు వెలుగు చూడ్డానికి రాలేదు, శనగబద్దంత రాయి చూడ్డానికొచ్చారు. “ఇదేనా?” అని ఒకావిడ, “అది వేరేదా?” అని ఇంకొకావిడ. ధాత్రి తల్లి మొహం మాడిపోయింది. ధాత్రి ఉంగరం వంక చూసి, కమలకుమారి వంక చూసి, తల దించుకుంది.

వారం తిరక్కుండా ధాత్రి తండ్రి రామ్మోహనరావు గారు వచ్చారు. పెద్దది చూపించి చిన్నది పెట్టారని అందరూ అనుకుంటున్నారండీ అన్నారు. ఈవిడ ఆయన్ని షాపుకి లాక్కెళ్ళింది. దుర్గేష్ పాపం ఉన్నదంతా చెప్పాడు. “అలాగాండీ, సరేనండీ” అన్నారాయన. ఆ సరే మొహమాటానికన్నదే. రాయి మార్చినవాళ్ళు ఇంకేం మార్చారోనని భార్గవ్ కంపెనీలో ఆరా తీయించారు. చేతిలో ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఉన్నాడని తేలింది. ఆ రెండువేల ఎనిమిది చివర్లో, మాంద్యం దెబ్బకి, ఊళ్ళో ఎంతమంది పిల్లలు బెంచ్ మీద లేరు కనక! కానీ అప్పటికే వాళ్ళ మనసు విరిగిపోయింది. సంబంధం వద్దన్నారు.

ఉంగరం ఇవ్వడానికి ధాత్రే వచ్చింది. “మా నాన్నగారు వినడం లేదు ఆంటీ” అని ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, “నేను వద్దన్నాను కదా ఆంటీ. రెండుసార్లు చెప్పాను” అంది.

“మొహమాటానికన్నావనుకున్నానమ్మా.”

“నేను ఏదీ మొహమాటానికి అనను ఆంటీ.”

ఆ పిల్ల మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఈవిడ ఉంగరం పిడికిట్లో పట్టుకుని అక్కడే కూలబడింది. కొన్నాళ్ళకి భార్గవ్ ఉద్యోగం కూడా పోయింది. గదిలోంచి బయటికి వచ్చేవాడు కాదు. తల్లిని పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే ఆవిడకి కాస్త బాగుండేదేమో.

ఒకసారి నన్ను తోడు తీసుకుని దుర్గేష్ దగ్గరికి వెళ్ళింది. ఇది మళ్ళీ పెద్దది అవుతుందా నాయనా అని అడిగింది. నాకు ఏడుపాగలేదు. ఆ కుర్రాడూ తలొంచుకుని, “రెండోదాన్ని సుత కోస్తే జత కలుస్తది మేడం” అన్నాడు. ఆవిడ లేచి వచ్చేసింది. రెండు రవ్వలూ బీరువాలో పెట్టేసి, రంధ్రాలు పూడుకుపోకుండా చెవులకి వేపపుల్లలు పెట్టుకుంది. కొన్నాళ్ళకి అవీ తీసేసింది.

మొన్న హాస్టల్లో కొత్త పిల్ల చేరింది. శ్రీకాకుళం నుంచి రాత్రంతా బస్సులో వచ్చిందట, మొహం పీక్కుపోయి ఉంది. కమలకుమారి ఒక గరిటె అన్నం పెట్టి రెండోది తీసింది. ఆ పిల్ల బెరుగ్గా పళ్ళెం మీద చెయ్యి పెట్టి “చాలు ఆంటీ” అంది. పక్కనున్న పిల్లలు నవ్వుకుంటూ చూస్తున్నారు, ఇప్పుడు ఆ చెయ్యి నెట్టేస్తుందని.

కమలకుమారి గరిటె వెనక్కి తీసుకుంది. “సరేనమ్మా” అని పక్క పళ్ళెం దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ పిల్ల మెతుకు మిగలకుండా తిని, వేళ్ళు నాకి, అన్నం గిన్నె వంక చూసింది. ఎవరూ రాకపోయేసరికి లేచి చెయ్యి కడుక్కుంది.